ఇద్దరికీ పదకొండే: ఒక స్లిప్ టెస్ట్ నాకు చూపించనిది

జులై చివర్లో ఎఫ్ఏ-1 (మొదటి ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం) స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే, ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరమ్మాయిలకు 20కి 11 చొప్పున వచ్చాయి. పక్కపక్కన కూర్చుంటారు, మార్కులూ ఒకటే. చూసి రాశారేమోనని అనుమానం వచ్చింది. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి దశాంశాల ప్రశ్న దగ్గర ఆగాను. నాలుగు జతలు ఇచ్చి, ఏది పెద్దదో గుర్తు పెట్టమన్న ప్రశ్న అది. ఇద్దరికీ నాలుగింటికి రెండు కరెక్టు. అయితే ఒకరు కరెక్టుగా పెట్టిన జతలన్నీ రెండో అమ్మాయి తప్పు పెట్టింది. కాపీ అయితే కాదు. మరి ఏమిటో నాకు ఆ పూట అర్థం కాలేదు.

ఈ కేసు అక్కడ మొదలైంది. నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని, పదహారేళ్ల సర్వీసు. తరగతి ఏడు, పిల్లలు 34 మంది, పాఠం భిన్నాలు-దశాంశాలు. ఊళ్లో వరి, పత్తి, పాడి. పిల్లల పేర్లు రాయడం లేదు.

నేను ఇచ్చిన జతలు ఇవి: 0.7, 0.35. తర్వాత 2.46, 2.3. తర్వాత 5.08, 5.6. చివరిది 1.125, 1.1. మొదటి అమ్మాయికి ఒక సూత్రం ఉంది: పాయింట్ తర్వాత వచ్చేదాన్ని మామూలు సంఖ్యలా చదువుతుంది. 35 అంటే 7 కన్నా పెద్దది కాబట్టి 0.35 పెద్దది అంటుంది. ఆ లెక్కన 2.46, 2.3 జత కరెక్టు, 1.125, 1.1 కూడా కరెక్టు. మిగతా రెండూ తప్పు. రెండో అమ్మాయి సూత్రం దీనికి తలకిందులు: పాయింట్ తర్వాత అంకెలు తక్కువుంటే అది పెద్దది. కాబట్టి 0.7 పెద్దది, 5.6 పెద్దది, రెండూ కరెక్టు. మిగతా రెండూ తప్పు. నా నాలుగు జతల్లో ఈ రెండు తప్పుడు సూత్రాల్లో దేనికైనా సగం మార్కులు ఖాయం. ఆ ప్రశ్నపత్రం తయారుచేసింది నేనే.

ఇంకా ఘోరం, అదే పేపర్లో 0.5, 0.25, 0.125 లను అవరోహణ క్రమంలో రాయమని ఇంకో ప్రశ్న ఉంది. రెండో అమ్మాయి సూత్రంతో అది నూటికి నూరు పాళ్లు కరెక్టు వస్తుంది. ఆ పిల్లకు నేను "గుడ్" అని కూడా రాశాను.

మన రిజిస్టర్‌లో ఇది ఎక్కడ కనబడుతుంది? ఎక్కడా కనబడదు. ఎఫ్ఏకి 50 మార్కులు. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు 10, రాత అంశాలు 10, ప్రాజెక్టు పని 10, లఘు పరీక్ష (స్లిప్ టెస్ట్) 20. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. విద్యాహక్కు చట్టం 2009లోనే 29వ సెక్షన్ పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెప్పింది. నాలుగు కాలమ్స్ ఆ ఉద్దేశంతో వచ్చినవే. ఆచరణలో ఏం జరుగుతుందో మన వాళ్లందరికీ తెలుసు. భాగస్వామ్యం కాలమ్‌లో చలాకీగా ఉండే వాడికి 9, మాట్లాడని పిల్లకు 6 వేసి ముందుకెళ్లిన సంవత్సరాలు నాకూ ఉన్నాయి. ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్లో ప్రింట్ తీసి చార్టుకు అంటించినది. చివరి తేదీలోపు ఆన్‌లైన్ ఎంట్రీ చేయాలన్న టెన్షన్‌లో, పేరు నిర్మాణాత్మక మూల్యాంకనమే అయినా అది నాలుగు చిన్న వార్షిక పరీక్షల్లా అయిపోయింది. ఫార్మేటివ్, సమ్మేటివ్ అన్న మాటలు 1967లో మైకేల్ స్క్రివెన్ వాడినవి. వంట అవుతుండగా రుచి చూసి ఉప్పు సరిచేసుకోవడం మొదటిది, విస్తట్లో వడ్డించాక చూసేది రెండోది. మేం వడ్డించాక ఉప్పు రుచి చూసి, ఆ రుచిని పోర్టల్‌లో ఎక్కిస్తున్నాం.

సరే, ఇక ఏం చేశానో చెబుతాను.

ముందు ప్రశ్నలు మార్చాను

మర్నాడే ఒక చిన్న చీటీ పరీక్ష పెట్టాను. మార్కులు లేవని ముందే చెప్పాను. ఎనిమిది జతలు. మొదటి మూడింటిలో అంకెలు ఎక్కువున్నది చిన్నది: 3.7, 3.52. 0.9, 0.48. 6.4, 6.375. తర్వాతి మూడింటిలో అంకెలు ఎక్కువున్నదే పెద్దది: 2.64, 2.3. 0.58, 0.2. 7.215, 7.1. చివరి రెండూ సమానాలు: 0.4, 0.40. 1.5, 1.500. జతలను కలగలిపి ఇచ్చాను. పది నిమిషాల్లో అయిపోయింది. దిద్దడానికి ఇరవై నిమిషాలు, ఎందుకంటే నేను మొత్తం లెక్కపెట్టలేదు, ఏవి తప్పాయో మాత్రమే చూశాను.

ఆ రోజు 31 మంది వచ్చారు. మొదటి ఆరు జతలూ కరెక్టుగా రాసినవాళ్లు 9 మంది. మొదటి మూడూ తప్పు, తర్వాతి మూడూ కరెక్టు రాసినవాళ్లు 11 మంది, అంటే మొదటి అమ్మాయి (పాల సెంటర్ అమ్మాయి, ఆమె గురించి కింద చెబుతాను) బాపతు. దానికి సరిగ్గా తలకిందులుగా రాసినవాళ్లు 6 మంది. ఎటూ తేలని వాళ్లు 5. అన్నీ కరెక్టని నేను సంతోషపడిన తొమ్మిది మందిలో నలుగురు 0.40 అంటే 0.4 కన్నా పెద్దదన్నారు.

ఇది నా తరగతి వింత కాదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టెయిన్లీ ఈ రెండు తప్పుల మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. పొడవైతే పెద్దది అనుకునేవాళ్లు, పొట్టిదైతే పెద్దది అనుకునేవాళ్లు అని పిల్లలను విడదీసి, అలా విడదీయగలిగే పరీక్ష తయారుచేశారు. ఆ సంగతి నాకు తర్వాత ఒక శిక్షణలో తెలిసింది. ముందే తెలిసి ఉంటే నా నాలుగు జతలు అట్లా ఇచ్చేవాణ్ని కాదు.

తర్వాత అడిగాను

రాత పరీక్ష ఏ సూత్రం వాడారో చెబుతుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. అందుకని వారం రోజులు మధ్యాహ్న భోజనం తర్వాత రోజుకు నలుగురిని వరండాలో కూర్చోబెట్టుకున్నాను. మొదటి రోజు వ్యర్థమైంది. "ఎందుకట్ల రాసినవ్?" అని అడగగానే పిల్ల నా మొహం చూసి, "తప్పా సార్?" అని రబ్బరు అందుకుంది. మనం ఎందుకు అని అడిగేది తప్పు రాసినప్పుడే కదా, వాళ్లకు ఆ అలవాటు తెలుసు. రెండో రోజు నుంచి కరెక్టు జవాబులకూ అదే మొహంతో అదే ప్రశ్న అడిగాను. అప్పుడు మాట్లాడారు.

ఇంకో సంగతి, అడిగాక ఆగడం. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని చెప్పింది. మూడు సెకన్లు ఎంత పొడవో ఆగి చూస్తే గాని తెలియదు. నా నోరు ఊరుకోదు.

పొట్టిదైతే పెద్దది అన్న అమ్మాయి తరగతిలో అందరికన్నా శ్రద్ధగా వినే పిల్ల. తను చెప్పింది: "మీరే చెప్పిండ్రు గద సార్, పాయింట్ తర్వాత రెండో అంకె వందో వంతు అని. వందో వంతు చిన్నది. రెండంకెలున్నయంటే అవి వందో వంతులు, ఇంక చిన్నయి." నేను చెప్పినదాన్ని సగం పట్టుకుంది. పాఠం వినని పిల్లలకు ఈ తప్పు రాదు, విన్నవాళ్లకే వస్తుంది. అలాంటి పిల్లకూ అస్సలు పట్టించుకోని వాడికీ ఒకే మార్కు వేస్తే, ఇద్దరినీ ఒకే రివిజన్ క్లాసులో కూర్చోబెడతాం.

మామూలు సంఖ్యలా చదివే మొదటి అమ్మాయి రోజూ పొద్దున ఆరున్నరకు పాల సెంటర్‌కు పాలు తీసుకుపోతుంది. క్లాసులో నోరు విప్పదు. భాగస్వామ్యం కాలమ్‌లో 6 వేసింది ఈ పిల్లకే. వరండాలో కూర్చోబెట్టి అడిగితే పాలలో ఫ్యాట్ (వెన్న శాతం) 6.8 నుంచి 7.1కి పెరిగితే లీటరుకు ఎంత తేడా వస్తుందో నోటితో చెప్పేసింది. "మరి 6.8 కన్నా 7.1 ఎక్కువని ఎట్ల తెలుసు?" అంటే నవ్వింది, అదేం ప్రశ్న అన్నట్టు. ఆలోచిస్తే విషయం ఇది: పాల సెంటర్ మెషీన్‌లో ఎప్పుడూ పాయింట్ తర్వాత ఒకే అంకె వస్తుంది. కిరాణం కొట్టు కాంటా మీద ఎప్పుడూ మూడంకెలు వస్తాయి, 1.250 అని. అంటే కిలో రెండు వందల యాభై గ్రాములు. అంకెలు సమానంగా ఉన్నంతవరకు, మామూలు సంఖ్యలా చదివినా ఎక్కడా దెబ్బ తినరు. బయటి లోకంలో ఆ పిల్ల సూత్రం ఏనాడూ తప్పలేదు. తప్పింది నా ప్రశ్నపత్రంలోనే.

ఈ మాటల్లో బయటపడ్డవి ఇంకా ఉన్నాయి. క్రికెట్ పిచ్చి ఉన్న ఒకడు 4.6 అనే సంఖ్య ఉండదన్నాడు. 4.5 తర్వాత 5 కదా, ఓవర్లు. వాడి లోకంలో అది నిజమే, 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు. నెట్ రన్ రేట్ కట్టేటప్పుడు దాన్నే 4.5గా తీసుకుంటారని చెబితే వాడి కళ్లు పెద్దవయ్యాయి, మరుసటి రోజు ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. ఇంకొకడు, వాళ్లన్న 5.10 అడుగులు, నాన్న 5.9 అడుగులు, కాబట్టి 5.10 పెద్దదన్నాడు. అడుగులు-అంగుళాల మధ్య మనం పెట్టే చుక్క అది, దశాంశ బిందువు కాదు. టైమ్ కూడా 2.30 అనే రాస్తాం. పుస్తకాల్లో అభ్యాసాల నంబర్లు 2.9 తర్వాత 2.10 వస్తాయి. పిల్లల చుట్టూ ఇన్ని చుక్కలు, ఒక్కోటి ఒక్కో అర్థంతో. ఈ సంగతి బీఈడీలో నాకెవరూ చెప్పలేదు, నేనూ పదహారేళ్లు గమనించలేదు.

నా తప్పు కూడా ఒకటి దొరికింది. బోర్డు మీద 3.52 రాసి నేను చదివేది "మూడు పాయింట్ యాభై రెండు" అని. పదకొండు మంది పట్టుకున్న సూత్రం నా నోటి నుంచి కూడా వస్తోంది. అప్పటి నుంచి "మూడు పాయింట్ అయిదు రెండు" అంటున్నాను. ఇప్పటికీ తొందరలో నోరు జారుతుంది, పిల్లలు పట్టుకుంటారు.

పలకలు, నోటుబుక్కులు, చార్టులు

ఆ తర్వాత మూడు వారాలు పాఠం ఆపలేదు, కానీ ప్రతి పీరియడ్‌లో అయిదు నిమిషాలు దీనికి తీశాను. పక్కనున్న ప్రాథమిక పాఠశాల నుంచి పాత పలకలు తెచ్చుకున్నాం. బోర్డు మీద ఒక జత రాస్తాను, అందరూ పెద్దదాన్ని పలక మీద రాసి "ఒకటి, రెండు, మూడు" అనగానే ఒకేసారి పైకెత్తాలి. మొదటి రెండు రోజులూ వెనక బెంచీలు ముందు కూర్చున్న క్లాస్ ఫస్ట్ పిల్లాడి పలక వైపు చూసి రాశాయి. మూడు అనేదాకా పలక గుండెకు ఆనించి పెట్టుకోవాలన్న నియమం పెట్టాక తగ్గింది. చేతులెత్తించి అడిగినప్పుడు నాకు కనిపించేది నలుగురైదుగురే, ఎప్పుడూ ఆ నలుగురే. పలకలెత్తితే ముప్పై జవాబులు ఒక్క చూపులో కనిపిస్తాయి. ఖర్చు చాక్‌పీసులు, పాత బనీను గుడ్డలు. నేను వాడిన అన్ని పద్ధతుల్లో ఇంకా వదలకుండా రోజూ వాడుతున్నది ఇదొక్కటే.

బోధనలో చేసింది పెద్దగా ఏమీ కాదు. వరండా స్తంభాల మధ్య తాడు కట్టి, 0 నుంచి 1 వరకు పది గుర్తులు పెట్టి, బట్టల క్లిప్పులతో కార్డులు తగిలించాం. 0.35 కార్డు ఎక్కడ పెట్టాలని పావుగంట వాదించుకున్నారు. పొట్టిదైతే పెద్దది అన్నవాళ్లు ఎక్కువమంది తాడు దగ్గరే సర్దుకున్నారు. మిగతావాళ్లకు నూరు గళ్ల గ్రాఫు కాగితంలో రంగులు వేయించాల్సి వచ్చింది. ఒకే తరగతిలో ఇద్దరికి రెండు వేర్వేరు మందులు, అదే నేను మార్కుల్లో చూడలేకపోయింది.

నోటుబుక్కుల్లో మార్కులు మానేసి మాట రాయడం మొదలుపెట్టాను. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో చేసిన పరిశోధన ఒకటి ఉంది. మార్కులిచ్చినవాళ్లు మెరుగవలేదు, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు, మార్కులూ వ్యాఖ్యలూ రెండూ ఇస్తే వ్యాఖ్య ఫలితం మాయమైంది. పిల్లలు మార్కు చూసి పుస్తకం మూసేస్తారు, ఇది మన క్లాసుల్లో రోజూ చూసేదే. "0.35ని వంద గళ్లలో రంగు వేసి చూపించు, 0.7ని కూడా" అని రాస్తే వేసి తెచ్చారు. కానీ 34 పుస్తకాలకు అట్లా రాయడానికి గంటన్నర పట్టింది. నాకు ఆరు, ఏడు, ఎనిమిది, పది తరగతులున్నాయి. వారానికి ఒక్కసారి, ఒక్క తరగతికి, అంతకుమించి నావల్ల కాలేదు. పైగా ఒక తండ్రి బడికొచ్చి, పుస్తకంలో మార్కులు లేవు, సార్ దిద్దట్లేదని హెడ్మాస్టర్ గారికి చెప్పాడు. ఆ తండ్రి తప్పేం లేదు. మార్కే చదువు అని మేమే వాళ్లకు నేర్పాం. ఆయనకు ముందు పేజీ, తర్వాత పేజీ చూపించి, కొడుకు చేతే చెప్పించాను. ఒప్పుకున్నాడో, మర్యాదకు ఊకొట్టాడో తెలియదు.

ఒకరి పేపర్ ఒకరు దిద్దుకునే ప్రయోగం చతికిలపడింది. దోస్తులకు ఫుల్ మార్కులు, పడనివాళ్లకు సున్నాలు, చివర్లో ఒక కొట్లాట. దాన్ని మార్చి, పేరు లేకుండా ఒక తప్పు జవాబును బోర్డు మీద రాసి "ఇది రాసినవాళ్లు ఏమనుకొని రాసి ఉంటరు?" అని అడగడం మొదలుపెట్టాను. ఇది బాగా నడిచింది, ఎందుకో కొంత తెలుసు: తప్పు ఎవరిదో తెలియకపోతే దాన్ని సమర్థించుకోవాల్సిన పని ఎవరికీ ఉండదు.

ప్రాజెక్టుకు చార్టు వద్దన్నాను. ఇంట్లో గాని, ఊళ్లో గాని పాయింట్ ఉన్న సంఖ్య ఒకటి పట్టుకురండి, అది దశాంశమో కాదో, ఎందుకో చెప్పండి. కరెంటు బిల్లు తెచ్చారు, జ్వరం చూసిన థర్మామీటర్ రీడింగ్ తెచ్చారు, పాల చీటీ తెచ్చారు. ఒకడు కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ గురించి చెప్పాడు, 17 శాతం దాటితే తీసుకోరు, వాళ్లవి 17.2 వచ్చి రెండు రోజులు మళ్లీ ఎండబోశారట. "పాయింట్ రెండుకే సార్" అన్నాడు, వాళ్ల నాన్న గొంతుతో. ఆ పిల్లాడికి పదికి పది వేశాను. ఆ కాలమ్‌లో నేను మనస్ఫూర్తిగా వేసిన మొదటి పది బహుశా అదే.

తర్వాత ఏమైంది

ఆగస్టు చివర్లో అంకెలు మార్చి అదే చీటీ పరీక్ష మళ్లీ పెట్టాను. 29 మంది వచ్చారు. అన్నీ కరెక్టు 21. పొడవైతే పెద్దది అన్నవాళ్లు 3, పొట్టిదైతే పెద్దది 1, తేలనివాళ్లు 4. పాల సెంటర్ అమ్మాయి అన్నీ కరెక్టుగా రాసింది. కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశం) ఈ అంకెలు చెబితే చప్పట్లు కొట్టారు.

అక్టోబర్‌లో ఎస్ఏ-1 (మొదటి సమ్మేటివ్, అంటే సంగ్రహణాత్మక మూల్యాంకనం) పేపర్లలో పోల్చే ప్రశ్న బాగానే రాశారు. కూడికలు చూస్తే 3.7కి 0.52 కలిపి 3.59 అని రాసినవాళ్లు ఆరుగురు, 7ని, 52ని మామూలు సంఖ్యల్లా కలిపేశారు. పాల సెంటర్ అమ్మాయి కూడా వాళ్లలో ఉంది. పోల్చడంలో పోయిన సూత్రం కూడికలో మళ్లీ మొలిచింది. అంటే నేను తీసేసింది సూత్రాన్ని కాదు, ఆ ఒక్క రకం ప్రశ్నకు దాని పనిని మాత్రమే. సంగ్రహణాత్మక మూల్యాంకనం దండగని తిట్టే నాకు, ఆ సంగతి చెప్పింది ఆ పెద్ద పరీక్షే. మళ్లీ పలకలు తీశాం, ఈసారి కూడికలతో. పాఠాలు అప్పటికే సిలబస్ ప్లాన్‌కు తొమ్మిది రోజులు వెనకున్నాయి, ఆ తొమ్మిది రోజులు జనవరి దాకా నా మెడ మీదే ఉన్నాయి.

ఎటూ తేలని నలుగురిలో ఒక పిల్లాడు మాత్రం నా లెక్కలన్నింటికీ దొరకలేదు. చీటీ పరీక్షలో జవాబులు ఒక క్రమం లేకుండా ఉంటాయి, అడిగితే భుజాలెగరేస్తాడు. పత్తి ఏరే రోజుల్లో బడికి రాలేదు. డిసెంబర్‌లో వచ్చాక ఒకరోజు కాగితం పక్కన పెట్టి నోటితో అడిగాను.

"కిలోన్నర ఎక్కువనా, కిలోంబావు ఎక్కువనా?"

"కిలోన్నర" అన్నాడు, నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసి.

పలక మీద 1.5, 1.25 రాసి ఇచ్చాను. చాలాసేపు చూశాడు. మూడు సెకన్లు కాదు, నిమిషం పైనే. నేను నోరు మూసుకున్నాను. ముందు 1.25 చుట్టూ గీత గీశాడు. తర్వాత గుడ్డతో తుడిచి, "ఇది కిలోంబావా సార్?" అన్నాడు, 1.25ను వేలితో చూపిస్తూ.

అవునన్నాను. చాక్‌పీసు పట్టుకొని 1.5 కింద "న్నర" అని రాసుకున్నాడు. పావు, అర, ముప్పావుల నుంచి మొదలుపెట్టి వాడితో ఇప్పుడు వారానికి రెండు రోజులు కూర్చుంటున్నాను. 0.35కి మన దగ్గర అలాంటి పేరు లేదు, అక్కడికి ఎలా వెళ్లాలో ఇంకా చూస్తున్నాం.